వడ్డేపల్లి చెరువు కుట్టని దోమ: జాతి పేరు దాకా ఎట్ల పోవాలె?

చెరువుకట్ట (హన్మకొండ)

వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దుగూకే యాళ్లకు మనిషి ఎత్తుకు పైన గుంపులుగా ఆడే దోమలు ఇవి. కుట్టవు. స్వీప్ నెట్‌తో పట్టినవి 80 శాతం ఆల్కహాల్‌ల ఉన్నయ్, దాదాపు అన్నీ మగవే. బతికున్నప్పుడు పొట్ట లేత ఆకుపచ్చ, ఖండాల మీద గోధుమరంగు పట్టీలు, ఛాతీ మీద మూడు ముదురు చారలు. రెక్క పొడవు 2.6 నుంచి 2.9 మిల్లీమీటర్లు, మచ్చల్లేవు. అదే ఒడ్డున బురదల ఎర్ర లార్వాలు కూడా దొరికినయ్. ఫొటో పెడితే మొబైల్ యాప్ ‘కైరొనోమస్ ప్లుమోసస్’ అని చూపెడుతున్నది. ఆ పేరు రాసుకోవచ్చునా? ఒకవేళ ఇంతవరకు ఎవరూ వర్ణించని జాతి అయితే, వర్ణనకు ఏమేం కావాలె? తెలిసినోళ్లు వరుసగా చెప్పుండ్రి.

ఈనెలపటం

ఆ పేరు రాయొద్దండి. ప్లుమోసస్ 1758లో లినేయస్ పెట్టిన జాతి. అది ఉత్తరాది చల్లటి దేశాల చెరువులది. దాన్ని దగ్గరి చుట్టాల నుంచి విడదీసే లక్షణాలు మగదాని తోక చివర, లార్వా శరీరం మీద, క్రోమోజోముల్లో ఉంటాయి. పక్క నుంచి తీసిన ఫొటోలో వీటిలో ఒక్కటీ కనబడదు.

ముందు కుటుంబం ఖాయం చేసుకోండి. మామూలు దోమకు రెక్క ఈనెల మీద, అంచు మీద పొలుసులుంటాయి, ముందుకు పొడుచుకొచ్చిన పొడుగాటి తొండం ఉంటుంది. కైరొనోమిడే కుటుంబంలో ఈ రెండూ ఉండవు. అసలు తికమక కుట్టే మిడ్జ్‌లతో (దోమలాంటి చిన్న పురుగులతో), అంటే సెరాటోపోగోనిడే కుటుంబంతో. వాటికి రెక్కలో మీడియా ఈనె రెండుగా చీలుతుంది. మన వాటిలో చీలదు. ఛాతీ వెనక, పొట్ట మొదలయ్యే చోట ఉబ్బెత్తుగా ఉండే పోస్ట్‌నోటమ్ మీద నడిమధ్యన నిలువు గాడి ఉంటే కైరొనోమిడే. 20 రెట్ల స్టీరియో మైక్రోస్కోపులో పక్క వెలుతురు పెడితే ఆ గాడి నీడ స్పష్టంగా పడుతుంది. గోడ మీద వాలినప్పుడు ముందు కాళ్లు పైకెత్తి ఆడిస్తుంటే అదీ గుర్తే. మామూలు దోమ ఎత్తేది వెనక కాళ్లు.

మత్తడి

ఉపకుటుంబానికి రెండు చోట్ల చూడాలె. ఒకటి రెక్క. ఎంసీయూ అనే అడ్డ ఈనె ఉంటే టానిపోడినే. మన చెరువుల్లో అవి కూడా మస్తుగ ఉంటయ్, వాటి లార్వాలు వేరే లార్వాలను తింటయ్. అడ్డ ఈనె లేకపోతే ఆర్థోక్లాడినేనో కైరొనోమినేనో తేలాలె. అందుకు ముందు కాలు కొలవాలె: మొదటి టార్సస్ (పాదం) ఖండం పొడవును టిబియా (పిక్క) పొడవుతో భాగిస్తే వచ్చేది లెగ్ రేషియో. 1 కంటే ఎక్కువొస్తే కైరొనోమినే వైపు, తక్కువొస్తే ఆర్థోక్లాడినే వైపు. దీని మీదనే తీర్పు చెప్పొద్దు, తోక కూడా చూడాలె. కైరొనోమినే మగదానిలో గోనోస్టైలస్, అంటే తోక చివర ఆడదాన్ని పట్టుకునే కొక్కెం, దాని పీఠానికి అతుక్కుపోయి వెనక్కి నిటారుగా ఉంటది. ఆర్థోక్లాడినేలో అది కీలు మీద లోపలికి మడిచి ఉంటది.

కైరొనోమినేలో మళ్లా రెండు ముఖ్యమైన తెగలు. రెక్క పొర మీద సన్నటి వెంట్రుకలు పరుచుకొని, రెక్క మొదట్ల ఉండే స్క్వామాకు కుచ్చు లేకపోతే టానిటార్సిని. పొర నున్నగుండి స్క్వామాకు కుచ్చు వెంట్రుకలుంటే కైరొనోమిని. యాసంగి నాట్లప్పుడు పొలాల దగ్గర లైటుకు కుప్పలుగా వచ్చే చిన్న వాటిల టానిటార్సినే చాన ఉంటయ్. 2.9 మిల్లీమీటర్ల రెక్క అంటున్నరు కాబట్టి మీది కైరొనోమిని కావచ్చు, గాని కొలిచి చెప్పుండ్రి.

చెరువుకట్ట (హన్మకొండ)

కొలిచిన. ఎంసీయూ లేదు, రెక్క నున్నగ ఉంది, స్క్వామాకు కుచ్చు ఉంది. ముందు టిబియా 1150 మైక్రాన్లు, మొదటి టార్సస్ 1610. అంటే 1.40. గోనోస్టైలస్ వెనక్కే ఉంది. బురదల దొరికిన ఎర్ర లార్వాలనే దీని లార్వాలుగ రాసుకుంట, సరేనా?

డింభకశాల

వద్దు తమ్మీ. అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే పుడుతుంది. ఒకే ఒడ్డున ఒకే బురదలో మూడు నాలుగు జాతుల ఎర్ర లార్వాలు కలిసే ఉంటాయి. పైన ఎగిరే గుంపులో కూడా రెండు జాతులుండొచ్చు. లార్వా, ప్యూపా, పెద్దది ఒకే ప్రాణివని నిరూపించాలంటే ఒక్కో లార్వాను ఒక్కో సీసాలో పెంచడమే దారి. పెంపకం సరిగా సాగితే మిగతా పని సగం తేలికవుతుంది, అందుకే వివరంగా రాస్తున్నా.

నాలుగో దశ లార్వాలను ఎంచుకోండి. తల వెనక మూడు ఖండాలు ఉబ్బి, తెల్లబారి కనిపిస్తే ఒకట్రెండు రోజుల్లో ప్యూపా అవుతుంది. 30 మిల్లీలీటర్ల సీసాలో చెరువు నీళ్లు 2 సెంటీమీటర్ల లోతుకు మించకుండా పోయండి. లోతు పెరిగితే అడుగున ఆక్సిజన్ అందదు. ఆ నీళ్లు పోసే ముందు సన్నని ప్లాంక్టన్ గుడ్డలో వడకట్టాలి, లేకుంటే వేరే దోమ విడిచిన పొర నీళ్లతోపాటే సీసాలోకి వస్తుంది. తర్వాత ఏ పొర దేనిదో చెప్పలేం. కుళాయి నీళ్లు వాడితే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు బయట పెట్టండి.

అడుగున ఒండ్రు వేయకండి. టిష్యూ పేపరు చిన్న ముక్కలు రెండు మూడు చాలు, లార్వా వాటితో గూడు కట్టుకుంటుంది. ఒండ్రు వేస్తే లార్వా విడిచిన తల గుల్ల అందులో కలిసిపోయి దొరకదు. ఆ తల గుల్లే మనకు బంగారం. మూతికి దోమతెర గుడ్డ రబ్బరు బ్యాండుతో బిగించండి. ఉబ్బిన దశకొచ్చిన లార్వాకు మేత అక్కర్లేదు. చిన్న వాటికి చేపల మేత పొడి చిటికెడు వేయొచ్చు, ఎక్కువేస్తే నీళ్లు కుళ్లుతాయి.

పెద్దది బయటికొచ్చాక వెంటనే చంపకండి, కనీసం 12 గంటలు ఆగండి. అప్పుడే రంగు తేలుతుంది, గట్టిపడుతుంది. ఆత్రపడి తీసిన వాటి కాళ్లు స్లైడు మీద ముడుచుకుపోయి కొలతలు తప్పొస్తాయి. ఆ తర్వాత పెద్దది, తేలుతున్న ప్యూపా పొర, అడుగున లార్వా పొర, మూడింటికీ ఒకే నంబరు వేసి ఒకే చిన్న ట్యూబులో 80 శాతం ఆల్కహాల్‌లో పెట్టండి. నంబరు పెన్సిల్‌తోనే రాయాలి, బాల్‌పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. లార్వా ఎరుపు కూడా ఆల్కహాల్‌లో వెలిసిపోతుంది. అది రక్తంలో కరిగి ఉండే హిమోగ్లోబిన్ రంగు, కాబట్టి బతికున్నప్పుడే రాసిపెట్టుకోండి.

పాకాల_నీళ్లు

అక్క చెప్పినదానికి ఒక చేర్పు. గాలి ఏ వైపు కొడుతున్నదో చూసి, ఆ మూలకు కట్ట రాళ్ల దగ్గర చేరిన నురగను 250 మైక్రాన్ల జల్లెడతో తీయండి. ప్యూపా పొరలు వందల్లో దొరుకుతాయి. చెరువులో ఎన్ని రకాలున్నాయో ముందే అంచనా వస్తుంది. తూము కింద కాల్వలో పారే నీటికి అడ్డంగా వల పెట్టినా దొరుకుతాయి. కైరొనోమస్ ప్యూపా పొరకు ఛాతీ కొమ్ము బోలెడు సన్నటి పాయలుగా చీలి తెల్లటి కుచ్చులా ఉంటుంది, ఎనిమిదో ఖండం వెనక మూలల్లో ముళ్ల గుత్తి ఉంటుంది. ఆ ముళ్ల లెక్క, ఆకారం వర్ణనలో తప్పక రాయాలి.

స్లైడుబల్ల

ఇప్పుడు స్లైడు. మైక్రోస్కోపు కంటే స్లైడు బాగుండడమే ముఖ్యం, ఎందుకంటే తర్వాత 50 ఏళ్లకు ఎవరో తీసి చూసేది దాన్నే.

మొదట రెక్కలు. అవి పొటాషియం హైడ్రాక్సైడ్‌లోకి పోకూడదు. సన్నటి సూదులతో మొదలు దగ్గర విడదీసి, అబ్సల్యూట్ ఆల్కహాల్‌లో ముంచి నేరుగా యూపరాల్ (స్లైడును శాశ్వతంగా అతికించే జిగురు) చుక్కలో పరచండి. మిగిలిన శరీరాన్ని 10 శాతం ద్రావణంలో వేయాలి: 10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి మొత్తం 100 మిల్లీలీటర్లు చేయండి. పుస్తకాల్లో రాత్రంతా అని ఉంటుంది, ఏసీ గదికి అది సరే. మన దగ్గర మే నెలలో గది వేడికి మూడు నాలుగు గంటలకే కండ కరిగిపోతుంది, కాబట్టి గంటకోసారి చూడండి. ఎక్కువసేపు ఉంచితే తోక చివర భాగాలు గాజులా పారదర్శకమై అంచులు కనబడవు, వెంట్రుకలు రాలి గుంటలే మిగులుతాయి. తక్కువసేపు ఉంచితే కండ నల్లగా అడ్డుపడుతుంది.

తర్వాత డిస్టిల్డ్ వాటర్, అందులో గ్లేషియల్ అసిటిక్ ఆసిడ్ రెండు చుక్కలు, ఐదు నిమిషాలు. ఈ మెట్టు వదిలేస్తే కొన్నాళ్లకు స్లైడు లోపల స్ఫటికాలు పుడతాయి. తర్వాత 70, 80, 95, అబ్సల్యూట్ ఆల్కహాల్, ఒక్కోదానిలో 10 నిమిషాలు. ఆఖరికి యూపరాల్. కెనడా బాల్సమ్ అయితే మధ్యలో లవంగ నూనె ఉండాల్సిందే.

ఒక స్లైడు మీద ఐదు చిన్న కవర్ స్లిప్పులు: రెక్క, తల, మీసాలు, ఛాతీతో కాళ్లు, పొట్టతో తోక. హైపోపైజియం (మగదాని తోక చివర జననాంగ భాగం) వీపు వైపు పైకి ఉండాలి. కవర్ స్లిప్ బరువుకు అది నలిగితే వాల్సెల్లాలు (అందులోని చిన్న కొమ్ముల్లాంటి భాగాలు) పక్కకు తిరిగి ఆకారం మారినట్టు కనబడతాయి. నలిగిన స్లైడు చూసి కొత్త జాతి అనుకునే ప్రమాదం ఉంది. కవర్ స్లిప్ కింద రెండు మూలల్లో పగిలిన కవర్ గాజు ముక్కలు ఆసరాగా పెట్టండి. లార్వా తలను శరీరం నుంచి విడదీసి, కింది వైపు పైకి వచ్చేలా అమర్చండి, అప్పుడే మెంటమ్ (నోటి కింది పళ్ల పలక) పళ్లు లెక్కకొస్తాయి. శరీరాన్ని అదే స్లైడు మీద పక్కవాటుగా పెట్టండి.

కాకతీయ_కెనాల్

స్లైడుబల్ల సార్, జులై ఆగస్టుల చేసిన స్లైడ్లు రెండో రోజుకు పాలలెక్క తెల్లబడుతున్నయ్. యూపరాల్ పాతదా?

స్లైడుబల్ల

యూపరాల్ తప్పు కాదు. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ, అబ్సల్యూట్ ఆల్కహాల్ మూత తీసిన ప్రతిసారీ ఆ తేమను పీల్చుకుంటుంది. పైకి అబ్సల్యూట్ అని ఉన్నా లోపల నీళ్లు చేరి ఉంటాయి. పెద్ద సీసా నుంచి ఆ రోజుకు కావలసిన 20 మిల్లీలీటర్లే చిన్న బిగుతు మూత సీసాలోకి తీసుకోండి, మిగిలింది వెనక్కి పోయకండి. తెల్లబడ్డ స్లైడును 40 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద రెండు రోజులు ఉంచితే కొన్ని తేరుకుంటాయి. తేరుకోకపోతే అబ్సల్యూట్ ఆల్కహాల్‌లో నానబెట్టి కవర్ స్లిప్ ఊడదీసి మళ్లీ పెట్టాలి.

పట్నంపౌరుడు

ఇవి కాలనీల్లోకి వస్తున్నాయి. ఫాగింగ్ చేయించాలా? మలేరియా భయం ఉందా?

పాకాల_నీళ్లు

మలేరియా, డెంగీ వీటి వల్ల రావు, రక్తం తాగవు. అయితే ఎండి పొడైన దోమల దుమ్ము కొందరికి ఆస్తమా, అలర్జీ తెస్తుంది. దానికి కారణం కూడా ఆ హిమోగ్లోబినే. చెరువు వైపు కిటికీలకు సన్నని జాలీ, తెల్ల లైట్ల బదులు పసుపు లైట్లు పెట్టుకోండి. ఫాగింగ్ పొగ బురదలో ఉన్న లార్వాను తాకదు. మిగతాది వేరే చర్చలో మాట్లాడుకుందాం.

చెరువుకట్ట (హన్మకొండ)

పెంచిన వాటిల నుంచి మూడు పొరలు జతగ దొరికిన మగవి స్లైడుకెక్కినయ్. మీసానికి 11 ఖండాలు, చివరి ఖండం 920 మైక్రాన్లు, మొదటి పది కలిపి 400, అంటే యాంటెన్నల్ రేషియో 2.30. లార్వాకు మెంటమ్ మధ్య పన్ను మూడుగ చీలి ఉంది, అటు ఆరు ఇటు ఆరు పళ్లు. ప్రీమాండిబుల్‌కు (పై పెదవి కింద కదిలే భాగానికి) రెండే పళ్లు. ఎనిమిదో పొట్ట ఖండం కింద రెండు జతల గొట్టాలు, ఏడో ఖండం పక్కన ఏం లేవు. ప్యూపా కొమ్ము కుచ్చులెక్కనే ఉంది.

ఈనెలపటం

చాలా బాగా చూశారు. ప్రీమాండిబుల్‌కు రెండే పళ్లు ఉండడంతో కీఫెరులస్ ప్రజాతి తొలగిపోయింది. దానికి అక్కడ ఎక్కువ పళ్లుంటాయి. మన దగ్గర చెరువుల్లో పైపైన చూసి కైరొనోమస్ అనుకునేవి కొన్ని కీఫెరులస్‌లే. ఏడో ఖండం పక్క గొట్టాల్లేక, ఎనిమిదో దానికి రెండు జతలుంటే దాన్ని థుమ్మి రకం లార్వా అంటారు. ఏడో ఖండం పక్కన కూడా గొట్టాలుంటే ప్లుమోసస్ రకం. యాప్ చెప్పిన పేరు ఇక్కడ కూడా నిలబడలేదు. అయితే గొట్టాల పొడవును జాతి లక్షణంగా పట్టుకోకండి, నీటిలో ఉప్పుదనాన్ని బట్టి పొడవు మారుతుంది.

ఇక పేరు తేలేది హైపోపైజియంలో. 400 రెట్లలో సుపీరియర్ వాల్సెల్లాను గీయండి. దీని ఆకారాలను 1959లో స్ట్రెంజ్‌కే డి, ఈ, ఎస్ రకాలుగా విభజించారు. మొదట్లో వెడల్పు ఎంత, కొన ఎటు వంగింది, వెంట్రుకలు మొదటి భాగంలోనే ఆగాయా లేక పైదాకా ఉన్నాయా అన్నవి చూడండి. తర్వాత యానల్ పాయింట్ (తోక చివరి మధ్య మొన) మొదట్లో సన్నగా ఉండి చివర వెడల్పవుతుందా, తొమ్మిదో టెర్గైట్ (వీపు పలక) మధ్యన వెంట్రుకలు ఎన్ని, గోనోస్టైలస్ చివరి మూడో భాగంలో ఒక్కసారిగా సన్నబడిందా మెల్లగానా, ఇవన్నీ రాసుకోండి. కనీసం పది మగవాటిలో చూస్తే ఏది స్థిరంగా ఉంది, ఏది మారుతున్నది తెలుస్తుంది.

పోల్చాల్సిన వాటిలో మొదటివి రెండు: కీఫర్ 1916లో వర్ణించిన కైరొనోమస్ సర్కమ్‌డేటస్, 1992లో చౌధురి, దాస్, సబ్లెట్ వర్ణించిన కైరొనోమస్ రామోసస్. రెండూ భారతదేశంలో ఉన్నవే. వీటి మూల వర్ణనలు పక్కన పెట్టుకోకుండా కొత్తది అన్న మాట ఎత్తకూడదు. కీఫర్ కాలం వర్ణనలు చాలా పొట్టివి, బొమ్మలు తక్కువ. అందుకే పాత పేరు మీద పడి కొత్త పేరు పెట్టే తప్పు ఈ కుటుంబంలో మళ్లీ మళ్లీ జరుగుతుంది.

డింభకశాల

రూపం చూసి తేలకపోతే క్రోమోజోములు చూడొచ్చు. 1881లో బాల్బియానీ లాలాజల గ్రంథిలో పెద్ద క్రోమోజోములు చూసింది కైరొనోమస్ లార్వాలోనే. ఛాతీ కొంచెం ఉబ్బిన నాలుగో దశ లార్వాను బతికుండగానే 3 వంతుల ఇథనాల్, 1 వంతు గ్లేషియల్ అసిటిక్ ఆసిడ్ కలిపిన తాజా ద్రావణంలో వేయాలి. మామూలు 80 శాతం ఆల్కహాల్‌లో ఉన్నవి దీనికి పనికిరావు. మరీ ముదిరిన దశలో గ్రంథి కరిగిపోతుంది. 2 శాతం అసిటో ఆర్సీన్‌లో రంగు పట్టించి, 45 శాతం అసిటిక్ ఆసిడ్‌లో నొక్కితే పట్టీలు కనిపిస్తాయి. శరీరంలో మిగతా భాగం, ముఖ్యంగా తల గుల్ల, పారేయకండి, అదే నంబరుతో వోచర్‌గా (రుజువు నమూనాగా) దాచండి.

కాకతీయ_కెనాల్

డీఎన్‌ఏ బార్‌కోడ్ సంగతి ఏంది? దాంతోనే పేరు తెగదా?

మత్తడి

తెగదు, కానీ తోడు ఉంటది. ఒక కాలు చాలు, 95 శాతం ఆల్కహాల్‌ల ఫ్రిజ్‌ల ఉంచిన నమూనాది. ఫార్మలిన్‌ల పెట్టినదైతే డీఎన్‌ఏ ముక్కలైపోతది. జాతులను పోల్చడానికి వాడే సీఓఐ జన్యువుల 658 అక్షరాల ముక్క చదివిస్తరు. అది పబ్లిక్ డేటాబేస్‌ల ఉన్న వాటితో కలవకపోతే కొత్త జాతి అని కాదు. మన దేశం దోమల వరుసలు అక్కడ పూర్తిగ లేవు. కలిసినా అక్కడ పేరు పెట్టినోళ్లు తోక చూసి పెట్టిన్రా లేదా అన్నది చూడాలె. కాలు తీసే ముందు రెండు ముందు కాళ్లలో ఒకటి కొలతకు మిగిలేటట్టు చూసుకోండ్రి. వెనక కాలు తీస్తే మంచిది.

ఈనెలపటం

నిజంగానే కొత్తదైతే వర్ణనకు కావలసినవి చెప్తాను.

హోలోటైప్, అంటే పేరుకు ఆధారమయ్యే నమూనా, ఒక్కటే. పెంచి తీసిన మగది, దాని లార్వా పొర, ప్యూపా పొర అదే స్లైడు మీదో అదే నంబరు స్లైడ్ల మీదో ఉండాలి. వర్ణనకు వాడిన మిగిలినవి పారాటైపులు. 2000 నుంచి వచ్చిన నామకరణ నియమాల ప్రకారం హోలోటైప్ ఏదో స్పష్టంగా చెప్పాలి, అది ఏ సంస్థ సేకరణలో ఉందో లేక ఉండబోతుందో రాయాలి, కొత్త జాతి అని బాహాటంగా ప్రకటించాలి. ఆన్‌లైన్ పత్రికలోనే వస్తే ముందుగా జూబ్యాంక్ (జంతు పేర్ల అధికారిక రిజిస్టరు) నమోదు తప్పనిసరి. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి గురించి నిర్దేశించిన రిపాజిటరీకి (నమూనాలు భద్రపరిచే సంస్థకు) తెలియజేసి, వోచర్ నమూనాను అక్కడ జమ చేయాలి. జంతువులకు జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది. ప్రధాన సేకరణ కోల్‌కతాలో, మంచినీటి జీవుల ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే. మీ చెరువుకు అడ్డంకి ఉండదు గానీ, పాకాల లాంటి అభయారణ్యంలో సేకరిస్తే అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క లార్వా కూడా తీయొద్దు.

రాతలో డయాగ్నోసిస్ చిన్నగా, పదునుగా ఉండాలి: ఏ జాతికి దగ్గర, దానితో ఏ రెండు మూడు లక్షణాల్లో తేడా. పూర్తి వర్ణనలో కొలతలు కనిష్ఠం, గరిష్ఠం, సగటు, ఎన్నింటిలో కొలిచారు అన్నీ రావాలి. ఐపీస్ మైక్రోమీటరును ప్రతి ఆబ్జెక్టివ్‌కు విడివిడిగా స్టేజ్ మైక్రోమీటరుతో సరిచూడండి. 10 రెట్ల ఆబ్జెక్టివ్‌లో తీసిన విలువను 40 రెట్లకు వాడితే మైక్రాన్లన్నీ తప్పవుతాయి, నిష్పత్తులు మాత్రం సరిగ్గానే కనిపిస్తాయి. అందుకే ఆ తప్పు ఎవరికీ దొరకదు. పేరు బయటికి వచ్చేదాకా ఈ వేదికలో గానీ ఫేస్‌బుక్‌లో గానీ పెట్టకండి.

పాకాల_నీళ్లు

లేబుల్ మీద జిల్లా పేరుతో సరిపెట్టొద్దు. పాత వరంగల్ జిల్లా 2016లో చీలింది, 2019లో ములుగు విడిపోయింది, 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండగా, రూరల్ వరంగల్‌గా మారాయి. 2015 నాటి లేబుల్ మీద వరంగల్ అని ఉంటే అది రామప్ప చెరువో, పాకాలో, భద్రకాళో చెప్పలేం. అక్షాంశ రేఖాంశాలు దశాంశంలో నాలుగు అంకెల దాకా రాయండి, దాదాపు 11 మీటర్ల కచ్చితత్వం వస్తుంది. దాని కింద చెరువు పేరు, కట్ట వైపా తూము వైపా, నీటి లోతు, పట్టిన పద్ధతి, తేదీ. పూడిక తీసిన చెరువైతే అదీ రాయండి, బురద మారితే జాతులు మారతాయి.

చెరువుకట్ట (హన్మకొండ)

అర్థమైంది అన్నా, అక్కా, అందరికీ. ఇప్పటికి స్లైడ్ల మీద ‘కైరొనోమస్ జాతి 1, వడ్డేపల్లి’ అనే రాస్తున్న. పది మగవాటి వాల్సెల్లా బొమ్మలు, సర్కమ్‌డేటస్, రామోసస్ మూల వర్ణనలు పక్కపక్కన పెట్టి ఇక్కడనే పోస్ట్ చేస్త. ఆడవి కూడా దాచాల్నా?

డింభకశాల

దాచండి. పెంపకంలో వచ్చిన ఆడవి తప్పకుండా, వాటి పొరలతో సహా. గుంపులో జత కట్టి దొరికిన జంట ఉంటే రెండింటినీ ఒకే ట్యూబులో వేయండి. గుడ్ల జిగురు పట్టీ ఒడ్డున రాళ్లకు అంటుకొని దొరికితే దాంట్లోంచి పెంచిన తోబుట్టువులతో, ఒకే తల్లి పిల్లల్లో ఏ లక్షణం ఎంత మారుతుందో తెలుస్తుంది. బొమ్మలు పెట్టేటప్పుడు స్కేల్ బార్ మరవొద్దు.